పారిస్‌లో పాత స్టాంపుల సంత

పారిస్ వెళ్ళొచ్చానని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది "ఈఫిల్ టవర్ ఎక్కారా?" అనే. ఎక్కాను. మోనాలిసానీ చూశాను, జనం తలల సందుల్లోంచి. వాటి గురించి బోలెడుమంది రాశారు, మీరు చదివే ఉంటారు. నేను చెప్పబోయేది అక్కడ ఒక తోటలో చెట్ల కింద జరిగే పాత స్టాంపుల సంత గురించి. సంత అంటే నిజంగా సంతే సుమండీ! మనవాళ్ళు గోనెపట్టా పరిచి వంకాయలూ కాకరకాయలూ పోసుకున్నట్టు, వాళ్ళు మడతబల్లలు వేసుకుని నూట యాభై ఏళ్ళనాటి తపాలా బిళ్ళలు పరుచుకుని కూర్చుంటారు.

మా తమ్ముడు ఉద్యోగరీత్యా అక్కడుంటున్నాడు. మరదలి పురిటికి సాయంగా వెళ్ళి రెండు నెలలు ఉన్నాను. ఒక ఆదివారం పసిదాని స్నానం, మరదలి పథ్యం వంట అయ్యాక, "పద అక్కా, నీకు నచ్చే చోటొకటి చూపిస్తా" అన్నాడు. మెట్రో రైల్లో షాంజెలిజే-క్లెమాన్సో స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే చాలు. మారిన్యీ వీధీ, గాబ్రియేల్ వీధీ కలిసే మూలని కారే మారిన్యీ అంటారు. దగ్గర్లోనే ఫ్రాన్సు దేశాధ్యక్షుడి భవనం ఉంది కాబట్టి దారి పొడుగునా పోలీసులు కనిపిస్తారు, బెదరకండి. సంత గురు, శని, ఆదివారాల్లోనూ పండగ రోజుల్లోనూ జరుగుతుంది. 1963లో వచ్చిన 'షరాడ్' అనే ఇంగ్లీషు సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్ నటించింది కదా, అందులో మాయమైన సొమ్మంతా ఏ రూపంలో ఉందో బయటపడేది ఈ స్టాంపుల సంతలోనే.

సినిమాలో కళకళలాడిన సంత ఇప్పుడు బాగా పల్చబడింది. నేను లెక్కపెడితే పదిహేను బల్లలు కూడా లేవు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ దాదాపు అందరూ తలనెరిసిన మగవాళ్ళే. కంటికి భూతద్దం, చేతిలో చిన్న పట్టకారు, పక్కన కాఫీ ఫ్లాస్కు. చీర కట్టుకుని వెళ్ళిన నన్ను వింతగా చూశారు గానీ, "బోఁజూర్" అని పలకరించగానే మొహం విప్పారింది. అక్కడ ఆ ఒక్క మాటా ముఖ్యం. పలకరించకుండా వస్తువు ముట్టుకుంటే వాళ్ళకి నచ్చదు.

స్టాంపుల సరదా అంటే మనకి పిల్లల ఆటే. నోటుపుస్తకంలో అన్నం మెతుకులతో అతికించి, బొమ్మ బాగుంటే చాలనుకునే రోజులు. యూరప్‌లో పెద్దవాళ్ళు వెతికేది వేరు. 1840 నుంచి 1870ల దాకా వచ్చిన తొలినాటి స్టాంపులు వాళ్ళకి ప్రాణం. వాటిమీద పూలూ పక్షులూ ఉండవు. ఒక తల, ఒక అంకె, అంతే. మొదట్లో నాకూ ఏముందబ్బా ఇందులో అనిపించింది.

ఒక బల్ల మీద ప్రపంచంలోనే మొట్టమొదటి స్టాంపు కనిపించింది. ఇంగ్లండులో 1840 మే నెలలో వచ్చిన 'పెన్నీ బ్లాక్'. నల్లరంగు, ఒక్క పెన్నీ వెల, పక్కకి తిరిగిన విక్టోరియా రాణి ముఖం. ఆ ముఖం ఆవిడ పదిహేనేళ్ళ వయసులో గీసిన చిత్రాన్ని బట్టి వచ్చిందట. రాణిగారు 81 ఏళ్ళు బతికి 1901లో పోయేదాకా వాళ్ళ దేశం స్టాంపుల మీద పడుచుపిల్లలాగే ఉన్నారు. మన ఆధార్ కార్డు ఫోటోలు తలుచుకుని నాకు నవ్వొచ్చింది.

అంతకు ముందు ఉత్తరాలు లేవా అంటే ఉన్నాయి. కానీ డబ్బులు ఎక్కువగా అందుకున్నవాళ్ళే ఇచ్చుకోవాలి. దూరాన్ని బట్టి, కాగితాల లెక్కని బట్టి వసూలు చేసేవారు. పట్నంలో పనికెళ్ళిన కొడుకు ఉత్తరం రాస్తే, దాన్ని విడిపించుకోవడానికి పల్లెలోని తల్లి కూలిడబ్బులు కట్టాలన్నమాట. అందుకని కవరు మీదే రహస్య గుర్తులు పెట్టేవారట. తల్లి ఉత్తరం తీసుకుని తిప్పి చూసి, క్షేమమే అని గుర్తు కనిపించగానే "నాకొద్దు బాబూ" అని తిరిగిచ్చేసేది. మనం మిస్డ్ కాల్ ఇచ్చి 'ఇంటికి చేరాను' అని చెప్పుకున్నట్టే! రోలండ్ హిల్ అనే ఆయన 1837లో పుస్తకం రాసి మరీ వాదించాడు. రాసేవాడే ముందు కట్టాలి, దేశమంతటా ఒకటే రేటు ఉండాలి, అదీ అందరికీ అందేలా ఉండాలి అని. 1840లో ఆ పద్ధతి వచ్చింది. అరఔన్సు ఉత్తరం ఇంగ్లండులో ఎక్కడికైనా ఒక్క పెన్నీ.

ఆ స్టాంపుల తాళ్ళు ఎలా అచ్చువేశారో చూస్తే లెక్క తెలిసిన ఇల్లాలెవరైనా మెచ్చుకుంటుంది. వరసకి పన్నెండు, అంటే ఒక షిల్లింగు. అలా ఇరవై వరసలు, మొత్తం 240, అంటే సరిగ్గా ఒక పౌను. నోట్లు మార్చక్కర్లేదు, చిల్లర వెతుక్కోనక్కర్లేదు. కింది మూలల్లో ఉండే రెండు చిన్న అక్షరాల్ని బట్టి అది ఏ వరసలో ఎన్నోదో చెప్పేయొచ్చు. చిల్లులుండవు కాబట్టి పోస్టుమాస్టరు కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాడు. అయితే నల్ల స్టాంపు మీద ఎర్రసిరాతో ముద్ర వేస్తే, జనం ఆ ఎరుపు కడిగేసి మళ్ళీ వాడేశారు! దాంతో ఏడాది తిరక్కుండానే స్టాంపుని ఎర్రగా, ముద్రని నల్లగా మార్చేశారు. పొదుపు తెలివి మన ఒక్కళ్ళ సొత్తు కాదండోయ్.

అంత గొప్ప స్టాంపు కదా, లక్షలు పలుకుతుందనుకున్నాను. బల్ల మీద రకరకాల ధరలున్నాయి. అది 6 కోట్ల 80 లక్షలకు పైగా అచ్చయిందట. అప్పట్లో కవర్లు తక్కువ, ఉత్తరం కాగితాన్నే మడిచి లక్కముద్ర వేసి దానిమీదే స్టాంపు అంటించేవారు. ఉత్తరాలు దాచుకున్న ఇళ్ళల్లో స్టాంపులూ మిగిలాయి. అంచేత పాతదనం ఒక్కటే ఖరీదు తేదు. కత్తెర సరిగ్గా పడిందా, నాలుగువైపులా తెల్లని అంచు మిగిలిందా, అదీ చూస్తారు. అంచు తెగిపోయిన స్టాంపూ నాలుగంచులూ నిండుగా ఉన్న స్టాంపూ పక్కపక్కనే ఉన్నాయి. ధరలో ఎన్నో రెట్లు తేడా.

ఇక్కడే మన కన్ను పనికొస్తుందని నాకనిపించింది. పట్టుచీర కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? తిరగేసి చూస్తాం, వెలుతురుకి పట్టి చూస్తాం, రఫ్ఫు వేసిన చోటు వేలితో తడుముతాం. స్టాంపుకీ అంతే. ముందు వెనక్కి తిప్పాలి. జిగురు ఉందా, పాత ఆల్బంలోంచి పీకినప్పుడు కాగితం పొర లేచి పల్చబడిందా చూడాలి. వెలుతురుకి పడితే అతుకు కనిపిస్తుంది. చేత్తో ముట్టుకోకూడదు, వేలి చెమట మరక పడుతుంది. పట్టకారుతోనే పట్టుకోవాలి. తెగిన అంచుకి కొత్త కాగితం అతికి బాగుచేసినవి కూడా ఉంటాయి. నేను వెనకవైపు చూపించమని అడిగినప్పుడు ఆ బల్ల పెద్దాయన మా తమ్ముడితో ఏదో అని నవ్వాడు. "మొదటిసారి వచ్చినవాళ్ళు ముందువైపే చూస్తారు, మీ అక్క వెనక చూస్తోంది" అన్నాట్ట.

ఆయన చెప్పిన మోసగాడి కథ వినండి. జాన్ ద స్పెరాతి అనే ఇటలీవాడు ఫ్రాన్సులో ఉండేవాడు. అసలైన పాతకాలపు చవక స్టాంపు తీసుకుని, దానిమీది అచ్చు రసాయనాలతో పోగొట్టి, ముద్ర మాత్రం ఉంచి, ఆ కాగితం మీదే ఖరీదైన స్టాంపు అచ్చువేసేవాడు. కాగితం అసలుది, ముద్ర అసలుది, ఇంక పట్టుకునేదెలా? 1942లో ఆయన పోర్చుగల్‌కి పంపుతున్న పొట్లాన్ని కస్టమ్స్ వాళ్ళు పట్టుకుని, ఇంత విలువైన సరుకు దేశం దాటిస్తావా అని కేసు పెట్టారు. "అయ్యా, ఇవి నేను చేసిన నకిళ్ళు" అని ఆయన మొర. నిపుణులేమో కాదు, అసలువే అన్నారు! తను దొంగనని రుజువు చేసుకోలేక తంటాలు పడ్డ మనిషి ఇంకొకడు ఉంటాడా చెప్పండి. చివరికి 1954లో బ్రిటన్ స్టాంపుల సంఘం వాళ్ళు ఆయన సరుకంతా కొనేసి ఆ పని మాన్పించారు.

పిచ్చి ముదిరితే ఎలా ఉంటుందో చూడాలంటే ఫెరారీ కథ ఉంది. ఇప్పుడు ఫ్రాన్సు ప్రధానమంత్రి ఉండే మాటిన్యాన్ భవనం ఒకప్పుడు ఆయన తల్లిగారిది. మహా సంపన్నురాలు. ఆయన జీవితమంతా స్టాంపులు కొనడమే. స్వీడన్‌లో 1855లో ఆకుపచ్చగా రావలసింది పొరపాటున పసుపుగా అచ్చయిన స్టాంపు ఒకటుంది. బడిపిల్లవాడికి ఇంట్లోని పాత ఉత్తరాల్లో దొరికితే వ్యాపారికి 7 క్రోనర్లకి అమ్మేశాడు. అదీ ఫెరారీ దగ్గరికే చేరింది. ఆయన 1917లో పోతూ తన సేకరణంతా బెర్లిన్ తపాలా మ్యూజియానికి రాసిచ్చాడు. అది యుద్ధకాలం. జర్మనీ శత్రుదేశం కదా, ఫ్రాన్సు ప్రభుత్వం జప్తు చేసి 1921 నుంచి 1925 దాకా పారిస్‌లోనే వేలం వేసింది. ఆ పసుపు స్టాంపు 1996లో 28 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. ఇలాంటి కథలు విని మనకీ లాటరీ తగులుతుందని ఆశపడకండి. స్పెయిన్‌లో స్టాంపుల మీద పెట్టుబడి పెడితే ఏటా ఇంత వడ్డీ ఖాయమని రెండు పెద్ద కంపెనీలు జనం దగ్గర డబ్బు పోగుచేశాయి. 2006లో పోలీసులు సోదాలు చేసేసరికి మూడు లక్షలకు పైగా చిన్న మదుపుదార్ల సొమ్ము ఇరుక్కుపోయింది. మన చిట్ఫండ్ల కథే, పేరు మారింది. సరదాకి కొనుక్కోండి, పిల్ల పెళ్ళికని మాత్రం కొనకండి.

ఫ్రాన్సు వాళ్ళ మొదటి స్టాంపు 1849 జనవరి 1న వచ్చింది. అప్పుడే రాజుని దించి ప్రజాప్రభుత్వం పెట్టుకున్నారు కాబట్టి రాజు బొమ్మ వెయ్యలేదు. సెరెస్ అనే దేవత బొమ్మ వేశారు. రోమన్ల పంటల తల్లి, మన ధాన్యలక్ష్మి అనుకోండి. జడలో వరికంకుల్లా గోధుమ కంకులు తురుముకుని ఉంటుంది. మూడు నాలుగేళ్ళకి నెపోలియన్ వంశం వాడు మళ్ళీ గద్దెనెక్కి దేవతని తీసేసి తన తల వేయించుకున్నాడు. 1870లో యుద్ధంలో ఓడి అతగాడు పోగానే, పాత అచ్చుదిమ్మలు బయటికి తీసి మళ్ళీ సెరెస్‌నే అచ్చువేశారు. ఈ మార్పులన్నీ బల్లమీద వరసగా పెట్టి ఉన్నాయి, చరిత్ర పుస్తకం అక్కర్లేదు.

ఆ 1870 సంగతే నన్ను పట్టుకుంది. సెప్టెంబరులో జర్మన్ సైన్యం పారిస్ చుట్టూ ముట్టడి వేసింది. రైళ్ళు లేవు, తంతి లేదు, ఉత్తరం పోదు. అప్పుడు పారిస్ తపాలా వాళ్ళు గ్యాసు నింపిన పెద్ద పెద్ద బెలూన్లలో ఉత్తరాలు పంపించారు! మొదటిది సెప్టెంబరు 23న మోన్‌మార్ట్ర్ కొండ కింద నుంచి లేచింది. జనవరి ఆఖరుదాకా అరవైకి పైగా వెళ్ళాయి. బెలూన్లు ఎక్కడ కుట్టారో తెలుసా? రైళ్ళు ఆగిపోయి ఖాళీగా ఉన్న రైల్వే స్టేషన్లలో! ఆడవాళ్ళు వరసగా కూర్చుని నూలుగుడ్డ ముక్కలు కుట్టి, పైన వార్నిషు పూసేవారు. ఒక బెలూను గాలికి కొట్టుకుపోయి ఏకంగా నార్వే దేశంలో దిగింది. కొన్ని సముద్రంలో పడ్డాయి. మోన్‌మార్ట్ర్ కొండ కింద ఇప్పుడు చవక బట్టల కొట్లున్నాయి. లంగా గుడ్డ కోసం ఆ వీధిలోనే రెండుసార్లు తిరిగాను, సంగతి తెలియక ముందు.

బెలూన్లో వెళ్ళే ఉత్తరం 4 గ్రాములు మించకూడదు. మన టీ చెంచాడు పంచదార బరువు. అందుకే ఉల్లిపొర లాంటి కాగితం. అలాంటి ఉత్తరం ఒకటి పెద్దాయన నా ముందు విప్పి పెట్టాడు. మూలన నీలం రంగు 20 సాంతీముల సెరెస్. లోపల చీమతలకాయంత అక్షరాలు, అంచుల దాకా. ఊరిబయట ఉన్న భార్యకి పారిస్‌లో చిక్కుపడ్డ భర్త రాసింది. తమ్ముడు కష్టపడి కూడబలుక్కుని చదివాడు. ఒంట్లో బాగానే ఉంది, గుర్రపు మాంసం తింటున్నాం, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్కా అందలేదు, పిల్ల ఎలా ఉంది అని.

అసలు బాధ అక్కడే ఉంది. బెలూను గాలి ఎటు తోస్తే అటు పోతుంది గానీ, తిరిగి పారిస్‌కి రాలేదు. వెళ్ళే ఉత్తరం వెళ్తుంది, జవాబు రాదు. జవాబుల కోసం పావురాల్ని బెలూన్లలో బయటికి తీసుకెళ్ళేవారు. బయటి ఉత్తరాల్ని ఫోటోతీసి కనపడనంత చిన్నవిగా చేసి, పావురం తోకకి కట్టి వదిలేవారు. పారిస్‌లో వాటిని తెరమీద పెద్దవి చేసి చూపించి, గుమాస్తాలు చేత్తో రాసి ఇళ్ళకి పంపేవారు. చలికి, డేగలకి, తుపాకులకి ఎన్నో పావురాలు పోయాయి. చివరికి జింకు బంతుల్లో ఉత్తరాలు పెట్టి సేన్ నదిలో వదిలారు, నీళ్ళలో దొర్లుకుంటూ పారిస్ చేరతాయని. ముట్టడి ముగిసేలోగా ఒక్కటీ చేరలేదు. అందులో ఒక బంతి 1968లో నది దిగువన దొరికింది, ఐదు వందలకు పైగా ఉత్తరాలతో. అంటే 97 ఏళ్ళ తర్వాత! మోఁపర్నాస్ దగ్గర తపాలా మ్యూజియం ఉంది, 2019లో బాగుచేసి మళ్ళీ తెరిచారు. వీలైతే తప్పక చూడండి.

ఆ ఉత్తరం కొనాలని మనసు లాగింది. ధర మా ఇంటి నెల సరుకుల ఖర్చు కంటే ఎక్కువ. "నేను కొనిపెడతా అక్కా" అన్నాడు తమ్ముడు. వద్దన్నాను. ముందే అనుకున్న డబ్బు ఇంత అని పర్సులో విడిగా పెట్టుకుని వెళ్ళాను, దాన్ని దాటదల్చుకోలేదు. దాంతో వచ్చేవి చూపించమన్నాను. పెద్దాయన ఏమీ చిన్నబుచ్చుకోలేదు, పెట్టె కిందనుంచి ఇంకో డబ్బా తీశాడు. అలాంటి నీలం సెరెస్‌ స్టాంపే, ఉత్తరం లేకుండా విడిగా, ఒక మూల పన్ను విరిగింది. ఓ మోస్తరు హోటల్లో ఒక పూట భోజనం ఖర్చుకి ఇచ్చాడు. ఉత్తరం మీద ఉన్న స్టాంపుని మాత్రం ఎప్పుడూ నీళ్ళలో నానబెట్టి ఊడదీయకూడదని మరీమరీ చెప్పాడు. ముద్ర, తేదీ, చిరునామా అన్నీ కలిసుంటేనే దానికి విలువ. అన్నట్టు, మన కోస్తా ఉక్కకి జిగురు కరిగి స్టాంపులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమపీల్చే పొట్లాలు పారేయకుండా డబ్బాలో వేసుకోండి. సెల్లోటేపు దగ్గరికి రానివ్వకండి.

ఇంకా కొంచెం డబ్బు మిగిలింది. ఫ్రెంచి వలసల స్టాంపులు ఉన్నాయా అని తమ్ముడిచేత అడిగించాను. మాది కాకినాడ, చిన్నప్పటి నుంచీ యానాం వెళ్ళొచ్చేవాళ్ళం. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉంది కదా. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందర్‌నగర్, యానాం కలిపి ఫ్రెంచి ఇండియా పేరుతో 1892లో మొదటిసారి విడిగా స్టాంపులు వచ్చాయి. పెద్దాయన దగ్గర ఆ వరసలోవి ఓ గుప్పెడు ఉన్నాయి. కింద పలకలో 'ఎతాబ్లిస్‌మాఁ ద లాండ్' అని పేరు. భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క ముద్రా చదివాను. ఫ్రెంచిలో యానాంని 'యానాఓఁ' అంటారు, ఆ అక్షరాల కోసం. సగం ముద్రలు అలుక్కుపోయాయి, చదవగలిగినవన్నీ పుదుచ్చేరివే. యానాం ముద్ర దొరకడం కష్టం, చిన్న ఊరు కదా అన్నాడు పెద్దాయన. అది ఎక్కడుందో చెప్పమన్నాడు. ఆయన బిల్లు పుస్తకం వెనక గోదావరి గీసి, కాకినాడ దగ్గర ఒక చుక్క పెట్టి, తెలుగులో 'యానాం' అని రాసిచ్చాను. దొరికితే పక్కన పెట్టిస్తానన్నాడు. తమ్ముడి ఫోన్ నంబరు ఆయన దగ్గరుంది.